తేనెబండ దగ్గర పెట్టె

నిప్పు ముట్టించడమే నేరమైన ఆ కాలంలో, ఆదివారమొస్తే జనం చేతి గడియారం చూపిన దారిన పోయి, ఎవరో దాచిన పెట్టెలు ఆటగా వెతికేవారు. కూతురు నీలి పోరు పడలేక ఈదమ్మ అడవిలోని తేనెబండకు వచ్చింది. పాతికేళ్ల కిందట అడవంతా కాల్చేసిన మంట అక్కడే పుట్టింది. పుట్టించింది ఈదమ్మ తండ్రి. ఆ సంగతి పిల్లకెక్కడ తెలుస్తుందోనని ఆమెకు ఒకటే గుబులు.

రాతి సందులో పెట్టె దొరికింది. మూతమీది కాగితాన్ని నీలి చదివింది: "తేనె తీస్తున్న ఒకతని చేతిలోంచి కాగడా జారి అడవి అంటుకుంది."

"కాగడా అంటే ఏందమ్మా?"

"తేనెటీగల్ని తోలే కర్ర. కొసన మంట ఉంటది."

"నిజం మంటా? అమ్మో! పాపం, ఆయనెంత బెదిరిపోయాడో!"

ఈదమ్మ పెట్టె మూత తీసింది. లోపల ఉన్న, వచ్చినవాళ్లు పేర్లు రాసే పుస్తకంలో వంకర అక్షరాలతో తన పేరు రాసి, పక్కనే "ఆయన కూతురు" అని చేర్చింది.

"ఇది కూడా చదువు బంగారం," అంది.