మంచం కింద జింక

తెర వెనక దీపం వెలగగానే చిన్నపిల్ల మాబున్ని మంచం కిందికి దూరింది.

"మద్దెల ఆపప్పా కుళ్ళాయప్పా! ఆ శబ్దానికే జడుసుకుంటాండాది," అంది దౌలత్‌బీ.

డెబ్బై ఒకటి యుద్ధంలో, సరిహద్దు ఊళ్లో పడిన బాంబుకు సిపాయి కొడుకూ, కోడలూ పోయారు. మిగిలిన మనవరాలు మాబున్నిని దౌలత్‌బీ ధర్మవరం తెచ్చుకుంది. పిల్లకు మాట పడిపోయింది. తోలుబొమ్మలాటయినా మాట తెప్పిస్తుందేమోనని ఇంట్లోనే ఆట పెట్టించింది.

బొమ్మలాడించే కుళ్ళాయప్ప మద్దెల పక్కన పెట్టాడు. అయినా పిల్ల వణుకుతూనే ఉంది. తోలు జింకను మంచం కిందికి అందించాడు.

"ఇది నీదే తల్లీ. ఆడిస్తావా?"

మాబున్ని జింకను లాక్కుని పొట్ట కింద దాచింది.

"దీపం ఆర్పండి. పైన ఇమానాలకు కనపడతాం," అంది.

ఇన్నాళ్లకు వచ్చిన మాట అది. దౌలత్‌బీ తెర వెనక దీపం వైపు చూసింది. పిల్ల చీకటికి భయపడుతుందని రోజూ తలాపున లాంతరు పెట్టింది తనే.

"ఆర్పప్పా, బిరీన ఆర్పు!"

చీకట్లో కుళ్ళాయప్ప గొంతు తగ్గించి జింక పాట ఎత్తుకున్నాడు. మంచం కింద నుంచి సన్నని కూనిరాగం కలిసింది. అంతలో స్టేషన్లో రైలు కూసింది. కూనిరాగం తెగిపోయింది.

"వస్తాండాయి అవ్వా... నువ్వూ రా."

అది రైలేనని చెప్పబోయి మానుకుంది దౌలత్‌బీ. పాకుతూ మంచం కిందికి వెళ్లి, పిల్లను పొదివి పట్టుకుంది.

"పాట మాత్రం ఆపొద్దప్పా," అంది.