పంపు గది

"మునిగిపోయిన మీ క్వారీలో ఆదివారం స్కూబా డైవింగ్ చేస్తున్నాం. అడుగున ఎక్కడేముందో గీసివ్వవా నాన్నా?" అంటూ కూతురు కాగితం ముందు పెట్టింది.

ముప్ఫై ఏళ్లు అక్కడ ఊటనీళ్లు తోడిన పంపు ఆపరేటర్ ఆవలిస్తూనే మెట్లు గీశాడు, క్రేను గీశాడు.

"నీళ్లు అద్దంలా ఉంటాయట!"

"నన్నడుగు. రోజంతా తోడినా తెల్లారేసరికి మళ్లీ అన్నీ ఉండేవి."

"మరి పంపు గదేది?"

పెన్సిలు ఆగింది. ఆ తర్వాత ఓ మూల చిన్న గడి గీశాడు.

"తలుపు పక్కనే స్విచ్చు. మోటారు కాలిపోయిందని అందరినీ నమ్మించాను గానీ, క్వారీ మునిగిన రాత్రి ఒళ్లు హూనమైపోయి, నేనే ఆ స్విచ్చు దించేసి ఇంటికొచ్చి పడుకున్నానమ్మా."

కూతురు కాగితం చేతిలోకి తీసుకుంది.

"చెయ్యి అందితే, పైకెత్తి రా."