నాలుగో ఫ్లాష్

"ఇది కూడా పనికిరాలేదు చాచా!"

సుబల్ కర్మకార్ సంచిలోంచి ఫ్లాష్ తీసి గాజుబల్ల మీద పెట్టాడు. పెట్టడమేమిటి, విసిరినంత పని చేశాడు. ఇద్రిస్ ఉలిక్కిపడి రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"మెల్లిగా నాయనా! నీ కోపం నా గాజు మీద చూపిస్తావేం?"

"మూడు నెలల్లో ఇది మూడోది. ప్రతిసారీ నీ కెమెరాకి అతికినట్టు సరిపోతుందంటారు. ఇంటికెళ్ళి చూస్తే మళ్ళీ అదే మచ్చ."

తెల్లవారకముందే రాణాఘాట్‌లో లోకల్ రైలు ఎక్కి, కోల్‌కతా దాకా నిలబడి వచ్చాడు సుబల్. కెమెరా కొట్లన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండే ఆ సందులో ఇద్రిస్ కొట్టు మరీ ఇరుకు. ముప్ఫై ఏళ్ళుగా అందులోనే కూర్చుని పాత సరుకు కొంటాడు, బాగుచేస్తాడు, అమ్ముతాడు.

"ఫ్లాష్ అడుగున ఉండే లోహపు చుక్కలు కెమెరా చుక్కలతో కలుస్తున్నాయా?"

"అయిదుకి అయిదూ కలుస్తున్నాయి. టంచనుగా వెలుగుతోంది. కానీ ఫోటోలో కంట్లో మచ్చ పడుతోంది."

"చిన్న ఫ్లాష్ లెన్సుకి దగ్గరగా ఉంటే కళ్ళు మెరుస్తాయని మొదటే చెప్పాను. దాని తల పైకి తిప్పి కప్పు మీద కొట్టు. వెలుగు మెత్తగా దిగుతుంది."

"మా స్టూడియోకి కప్పెక్కడిది? మసిబారిన రేకులు. వెలుగు పైకి పోయిందంటే మళ్ళీ రాదు, పనికని కేరళ వెళ్ళిన మా ఊరి కుర్రాళ్ళలాగా."

ఇద్రిస్ నవ్వాడు. సుబల్‌కి నవ్వు రాలేదు. నవ్వే దశ ఎప్పుడో దాటిపోయింది. ఊళ్ళో ప్రతి జేబులోకీ ఫోను వచ్చాక స్టూడియోకి మనుషులు రావడం మానేశారు. మిగిలినవి పసిపిల్లల అన్నప్రాశనలు. ఈ ఆదివారం సాయంత్రం ఇటుకబట్టీ యజమాని మనవడికి అన్నప్రాశన. ఫోటోలు నచ్చితే ఆ ఇంట్లో వేడుకలన్నీ సుబల్‌వే. నచ్చకపోతే స్టూడియో మూసేసి బావమరిది ఎరువుల కొట్లో బస్తాలు తూచడమే. "కాటాకి ఫ్లాష్ అక్కర్లేదు బావా" అని ఆ మహానుభావుడు ఇప్పటికే రెండుసార్లు అన్నాడు. ఆ మాట తలుచుకుంటే సుబల్‌కి తిండి సహించడం లేదు.

"ఆ బిడ్డ కంట్లో కూడా మచ్చ పడిందంటే నన్ను బట్టీలో పెట్టి కాల్చేస్తాడు చాచా."

ఇద్రిస్ పైఅరలోంచి ఇంకో పెట్టె దించాడు.

"ఇది నీ కెమెరా కంపెనీదే. పాతదే అనుకో, కానీ మాట వింటుంది. ఎంత వెలుగు కావాలో కెమెరా చెబితే అంతే ఇస్తుంది."

సుబల్ కెమెరాకి తగిలించి, సందులో మట్టి కప్పులతో పోతున్న టీలమ్మే బైద్యనాథ్‌ని పిలిచాడు.

"కాస్త ఇటు చూసి నవ్వవయ్యా."

"నవ్వడానికి పళ్ళు లేవు బాబూ."

"కళ్ళున్నాయిగా, అవి చాలు."

ఫ్లాష్ వెలిగింది. బైద్యనాథ్ కళ్ళు రెండూ శుభ్రంగా వచ్చాయి. సుబల్ తిరిగి తెచ్చిన ఫ్లాష్ తగిలించి ఇంకో ఫోటో తీశాడు ఇద్రిస్. అదీ శుభ్రంగానే వచ్చింది.

"ఏదీ మచ్చ?"

"ఇక్కడ అన్నీ బాగానే వెలుగుతాయి. ఇంటికెళ్ళాకే నా ఖర్మ కాలుతుంది. మీరిలా అంటారనే ఈసారి ఫోటోలు తెచ్చాను."

నాలుగు ఫోటోలు వరసగా పరిచాడు. మొదటిది కెమెరాలోనే ఉండే ఫ్లాష్‌తో తీసింది. మిగిలిన మూడూ ఇక్కడ కొన్నవాటితో తీసినవి. నాలుగింట్లోనూ ఒకే పాప. కుడికన్ను కొంచెం ఎర్రగా, ఎడమకన్ను పాలచుక్కలా తెల్లగా ఉన్నాయి.

"ఎవరీ పాప?"

"మా అమ్మాయి టుంపా. రెండున్నరేళ్ళు. పిలిస్తే వచ్చి బుద్ధిగా కూర్చునేది మా ఊళ్ళో అదొక్కతే మిగిలింది. మెడ ఓ పక్కకి వాల్చి చూస్తుంది చూడండి, మహారాణిలా!"

ఇద్రిస్ కళ్ళజోడు తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎప్పుడూ ఎడమవైపేనా?"

"అదేగా నా గొడవ! వెలుగు ఒక పక్కకే ఎక్కువ పడుతోంది. అందుకే సరైన జోడీ కాదంటున్నాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాది దాటింది. కెమెరాలో ఫ్లాష్‌దే లోపమనుకుని విడిగా కొనడం మొదలెట్టాను."

"ఏడాదా! మీ ఆవిడ చూసి ఏమీ అనలేదూ?"

"చూడనిస్తేగా!" సుబల్ ముఖంలో ఆ రోజుకి మొదటిసారి కాస్త గర్వం కనిపించింది. "కంప్యూటర్లో మచ్చ చెరిపేసి, నల్లగుడ్డు దిద్ది, అప్పుడు ప్రింటు వేస్తాను. రెండో పుట్టినరోజు ఫోటో నిలువెత్తున వేశాను. కన్నతల్లి కూడా పట్టుకోలేకపోయింది."

ఇద్రిస్ కొత్త ఫ్లాష్‌ని మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు.

"అదేంటి చాచా, ఇది కూడా సరిపోదా? ఆదివారం ఇంకెంతో దూరం లేదు. ఏదో ఒక దారి చూపించండి."

"మా చెల్లెలి కొడుకు ఫోటోల్లోనూ అచ్చం ఇలాగే పడేది," అన్నాడు ఇద్రిస్. గొంతు బాగా తగ్గిపోయింది. "వాళ్ళు రెండు నెలల్లోనే పట్టుకున్నారు."

సుబల్‌కి ప్రాణం లేచొచ్చింది. ఈ తిప్పలు తనొక్కడివే కావన్నమాట. బల్ల మీదికి వంగి ఇద్రిస్ చెయ్యి పట్టుకున్నాడు.

"మరి ఆ మాట ఇన్నాళ్ళూ చెప్పరేం! వాళ్ళు ఏ ఫ్లాష్‌కి మార్చారు?"

ఇద్రిస్ ఫోటోలవైపే చూస్తున్నాడు.

"ఫ్లాష్ మార్చలేదు నాయనా, ప్రాణం దక్కాలని కన్ను తీసేశారు."