గుమ్మం బయటి శ్రోత

కాఫీ కప్పు అందుకోబోతుంటే ముసలాయన మఫ్లరు జారింది.

గడప లోపల కూర్చున్న ఆడవాళ్ళంతా చూశారు.

ఆయనకు ముక్కు లేదు.

పుస్తకం మీద జులిఖా వేలు అలాగే ఆగిపోయింది.

ఫ్రెంచివాళ్ళు అల్జీరియా వదిలిపోయిన కథ అది. ఐదు సంపుటాల నవల. అరవయ్యో ఏట అక్షరాలు నేర్చిన జులిఖా, మధ్యాహ్నాలు సందులోని ఆడవాళ్ళను కూర్చోబెట్టి కూడబలుక్కుంటూ చదివి వినిపించేది.

తయ్యిబ్ అనే ఆ ముసలాయన ఈమధ్యే ఆ సందులో గది అద్దెకు తీసుకున్నాడు. చదువు రాదు. రోజూ గుమ్మం బయట మెట్టు మీద, ఆడవాళ్ళవైపు వీపు తిప్పి కూర్చుని వినేవాడు.

సరిగ్గా ఆ రోజే మూడో సంపుటంలో ఆ ఘట్టం వచ్చింది. ఫ్రెంచి సిగరెట్టు ఎవరూ ముట్టకూడదని విప్లవ దళం ఆజ్ఞ. కాదని తాగినవాడికి ముక్కు కోసేవాళ్ళు.

"ఏం తాతా, దొరల పొగ అంత కమ్మగా ఉందా?" అంది పక్కింటి బహియా.

ఎవరో కిసుక్కున నవ్వారు.

తయ్యిబ్ మఫ్లరు పైకి లాక్కున్నాడు.

జులిఖా నవ్వలేదు.

"తాగావా, లేదా?"

"తాగానమ్మా."

"ఎవరితో?"

"ఫ్రెంచి ఆఫీసర్లతోనే."

"నా మొగుడు లఖ్దర్ ఈ దేశం కోసం కొండల్లో ప్రాణాలొదిలాడు. ఆయన గుమ్మంలో నీలాంటివాడు కూర్చోడానికి వీల్లేదు. లే!"

ఆయన మోకాళ్ళు పట్టుకుని లేచాడు. తాగని కాఫీ మెట్టు మీద పెట్టాడు.

"ఒక్క మాటమ్మా. కథలో ఆ దళం కుర్రాళ్ళు స్వాతంత్ర్యం చూస్తారా?"

"చదువు నేర్చుకుని నువ్వే చదువుకో."

అన్నాక, తన మాటకు తన మనసే చివుక్కుమంది జులిఖాకు. అయినా వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు ఆయన ఎదుటి గోడ నీడలో నిలబడి చెవి ఒగ్గాడు.

జులిఖా గొంతు తగ్గించి చదివింది.

ఆ మర్నాడు ఇంకా తగ్గించింది.

తర్వాత ఆయన రాలేదు.

ఐదో సంపుటం చదువుతుండగా ఒక మధ్యాహ్నం సందులోంచి జనాజా వెళ్ళింది. శవం మీద జాతీయ జెండా కప్పి ఉంది. దేశం కోసం పోరాడినవాళ్ళకు మాత్రమే కప్పే జెండా.

"ఎవరే పోయింది?"

"తయ్యిబ్ తాతట," అంది బహియా.

జులిఖా ముసుగు సర్దుకుని సందులోకి పరుగెత్తింది. అందరికంటే వెనక కర్ర ఊతంతో నడుస్తున్నాడు రాబహ్, ఒకప్పుడు లఖ్దర్ దళానికి నాయకుడు.

"రాబహ్ అన్నా! దొరలతో కూర్చుని పొగ తాగినవాడికి మన జెండానా?"

ఆయన ఆగాడు.

"తాగమన్నది నేనేనమ్మా. వాళ్ళ పక్కన చేరి, వాళ్ళ మాటలు నాకు మోసుకొచ్చేవాడు. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు."

"మరి ముక్కు?"

"మన కుర్రాళ్ళే కోశారు. నేనప్పుడు ఊళ్ళో లేను. నోరు విప్పితే ముక్కు దక్కేది, గుట్టు పోయేది. విప్పలేదు."

"దొరలు పోయాకైనా చెప్పుకోవచ్చు కదా!"

"కోసినవాడు అప్పటికే అమరుడయ్యాడు. చచ్చినవాడి పేరుకు మచ్చ తేనన్నాడు. బతికున్నంతకాలం నన్నూ నోరెత్తనివ్వలేదు. జెండా ఇవాళ నేనే కప్పించాను."

జనం దూరమవుతున్నారు.

"కోసిందెవరన్నా?"

రాబహ్ తల దించుకున్నాడు.

"నీకు మాత్రం చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకున్నాడు, చెల్లెమ్మా."