గోడ దూకే బొమ్మ

“బటన్ ఏది బిడ్డా?” అని కృష్ణమూర్తి మనవరాలిని అడిగాడు. సూర్యాపేటలోని ఆ బడిలో, పిల్లలు సొంతంగా చేసిన గేమ్ కంట్రోలర్ల ప్రదర్శనకు ఆయనే ముఖ్య అతిథి.

“బటన్ లేదు తాతా. ఈ వైరు నువ్వు పట్టుకో, ఆ వైరు ఆయమ్మ పట్టుకుంటది. మీ చేతులు కలిస్తే కంప్యూటర్ల బొమ్మ గోడ దుంకుతది,” అంది హారిక. వెళ్లి, గ్లాసులు కడుగుతున్న బడి ఆయమ్మ నర్సమ్మను పిలుచుకొచ్చింది.

“ఆమె చెయ్యి తడిగ ఉన్నది గదా.”

“తడిగ ఉంటే ఇంకా మంచిగ దుంకుతది.”

ఇద్దరూ చెరో వైరు పట్టుకున్నారు. అందరూ చూస్తున్నారు. ఆయన కర్చీఫ్ తీసి అరచేతిలో పరుచుకుని, నర్సమ్మ వేళ్లకు అలా తాకించాడు. బొమ్మ కదల్లేదు.

“ఖరాబైనట్టున్నది.”

“కాలేదు తాతా. బట్ట అడ్డముంటే కరెంటు పోదు.”

“హారికా, జర బటన్ పెట్టమ్మా,” అంది టీచర్ మెల్లగా.

“పెట్ట టీచర్. మొన్న మా ఇంటికొస్తే ఆయమ్మకు వేరే గ్లాసుల చాయ్ పోసిన్రు. గా రోజే అనుకున్న, దీనికి బటన్ పెట్టొద్దని.”

కృష్ణమూర్తి అరచేతిలో కర్చీఫ్ సర్దుకున్నాడు.

నర్సమ్మ వెళ్లి, గ్లాసులు కడిగే బకెట్లో చెయ్యి ముంచి వచ్చింది. తన వైరు మళ్లీ అందుకుని, ఆయన చేతిని కర్చీఫ్ మీదనే గట్టిగా పట్టుకుంది. ఆయన గుంజుకోబోయాడు. ఆమె వదల్లేదు. నీళ్లు బట్టలోంచి ఆయన అరచేతిలోకి దిగాయి.

బొమ్మ గోడ దూకింది.

“ఇగ తుడుసుకోండ్రి సార్,” అంది నర్సమ్మ, చెయ్యి వదిలి.