తీగ వెంట వచ్చిన వేడి

పదహారేళ్లుగా పడవ మీద సముద్రాన్ని కొలుస్తున్న పరిశోధకురాలు ఆమె. లోతుకు వెళ్లేకొద్దీ నీరు చల్లబడుతుందని ఆమెకు వేరే చెప్పాలా? ఆ రాత్రి తీగకు కట్టి దించిన పరికరం మాత్రం నలభై మీటర్ల లోతున, సరిగ్గా సముద్రం అడుగున, పడవలోని తెర మీద ముప్పై ఏడు డిగ్రీలు చూపించింది.

"ముప్పై ఏడేంటి బాబాయ్? మనిషి ఒంటి వేడి కదా అది!" అని నవ్వింది.

పడవ నడిపే పెద్దాయన నవ్వలేదు. "లాగెయ్ తల్లీ. పోదాం."

"నీళ్లకి ఒళ్లుందని రాసుకెళ్తే ఆఫీసులో పరువుంటుందా? ఉండండి, చూద్దాం."

ఇరవై మీటర్లకు లాగి ఆపింది. అంకె ఇరవై ఆరు డిగ్రీలకు పడిపోయింది. "చూశారా!" అంది. ఆ మాట నోట్లో ఉండగానే అంకె మళ్లీ ముప్పై ఏడుకు ఎగబాకింది.

పది మీటర్లకు లాగింది. ఇరవై ఏడు. కాసేపటికి ముప్పై ఏడు.

ఆమె రెండు మీటర్ల దగ్గర తీగను ఆపింది. ఇరవై ఎనిమిది. పడవను తట్టే అలల చప్పుడు ఎప్పుడు ఆగిపోయిందో ఇద్దరూ గమనించలేదు.

"పరికరమే చెడిందో, నీళ్లే వేడెక్కాయో ఇప్పుడే తేలిపోతుంది. మీరు తెర చూస్తూ ఉండండి," అంటూ టార్చి వెలిగించి, పడవ అంచు మీంచి కిందికి వంగింది.

వెనక పెద్దాయన గుసగుసగా చదివాడు.

"ముప్పై ఏడు తల్లీ."