దొడ్డి గడప

"ఎవరే నువ్వు? నా పందుల దొడ్డి దగ్గర నీకేం పని?"

కుడితి బకెట్ చేత్తో పట్టుకునే గెనొవెఫా కేకలేసింది.

నీలం టోపీ పెట్టుకున్న ముసలామె ఉలిక్కిపడి లేచింది. అప్పటిదాకా ఆమె దొడ్డికి గడపగా వేసిన రాయి ముందు మోకరిల్లి ఉంది. చేతిలో గాజు బుడ్డి, అందులో కొవ్వొత్తి. మర్నాడు సకల పునీతుల పండుగ, అయినవాళ్ల సమాధుల మీద దీపాలు పెట్టే రోజు.

"ఈ రాయి మా నాయనమ్మ సమాధిది," అంది వచ్చీరాని పోలిష్‌లో. "పేరు ఇంకా కనిపిస్తోంది. ఒక్క దీపం పెట్టి వెళ్లిపోతాను."

జర్మన్ మనిషి! గెనొవెఫాకు ఒళ్లు మండిపోయింది.

యుద్ధం ముగిశాక పోలండ్ సరిహద్దులు మార్చేశారు. ఈ ఊళ్లోని జర్మన్లను తరిమేసి, పరాయి దేశంలో కలిసిపోయిన బుగ్ నది అవతలి ఊళ్ల నుంచి గెనొవెఫా వాళ్లను రైలెక్కించి తెచ్చి ఈ ఇళ్లలో దించారు. సరిహద్దు గీతలు గీసే దొరలకేం, వాళ్ల తల్లుల సమాధులు ఎక్కడికీ పోవు. జర్మన్ల సమాధి రాళ్లు ఇక్కడ గడపలయ్యాయి, మెట్లయ్యాయి. తప్పని ఎవరూ అనుకోలేదు.

"ఇవాళ దీపమంటావు, రేపు ఇల్లే నాదంటావు!"

"ఇల్లు వద్దమ్మా."

"మరి మా అమ్మకెవరు పెడతారే దీపం? మా పాత ఊరు సోస్నుఫ్కాలో ఆంటోనినా క్రుక్ ఏ గడ్డిలో పడుందో కుక్కకైనా తెలుసా? మీవాళ్లు ఆ యుద్ధం తేకపోతే ఆమెను వదిలేసి వచ్చేవాళ్లమా?"

ముసలామె పెదవులు కదిలాయి.

"సణుగుతావా పైగా!"

బకెట్‌లోని కుడితంతా ముసలామె కాళ్ల మీద పడింది. ఆమె బుడ్డిని కోటు జేబులో పెట్టుకుని వెళ్లిపోయింది.

కొన్నేళ్లకు చర్చివాళ్లు పండుగకు పాత ఊరికి బస్సు వేశారు. మోకాళ్లు సహకరించక గెనొవెఫా వెళ్లలేకపోయింది. పక్కింటి ల్యుద్విక్‌కు కొవ్వొత్తి ఇచ్చి పంపింది.

అది వెలగకుండానే తిరిగొచ్చింది.

"తాగి మర్చిపోయావు కదరా, దొంగసచ్చినోడా!" దొడ్డి గడప మీద నిలబడి దులిపేసింది.

"అరవకు పిన్నీ. మీ అమ్మ సమాధి మీద చోటెక్కడుంది? అంతా పూలే. శిలువకు కొత్త రంగు. దీపం అప్పటికే వెలుగుతోంది."



"ఎవర్రా పెట్టింది?"

"ఒకావిడ ఏటా వచ్చేదట. మొన్న వసంతంలో పోయిందట. ఈసారి ఆవిడ కొడుకు వచ్చాడు, అతనే చెప్పాడు."

"మన పాత ఊరి తల్లి ఎవరో." తలకు కట్టుకున్న రుమాలు అంచుతో కళ్లొత్తుకుంది. "బతికుంటే కాళ్లు కడిగి నెత్తిన చల్లుకునేదాన్నిరా."

ల్యుద్విక్ తలెత్తలేదు. ఆమె కాళ్ల కింది రాయినే చూస్తున్నాడు.

"పాత ఊరావిడ కాదు పిన్నీ," అన్నాడు మెల్లగా, "ఈ ఊళ్లోనే పుట్టిందట, ఎప్పుడూ నీలం టోపీ పెట్టుకునేదట."